మింగడం మళ్లీ నేర్చుకుందాం

పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉండి ఇంటికి చేరిన మనిషిని చూడటానికి చుట్టాలు వస్తారు. చెయ్యి లేస్తోందా అంటారు. నాలుగడుగులు వేస్తున్నారా అంటారు. మాట స్పష్టంగా వస్తోందా అంటారు. ముద్ద దిగుతోందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. పైగా తెచ్చిన పళ్లరసం గ్లాసులో పోసి, ‘కొంచెం తాగండి, ఓపిక వస్తుంది’ అని నోటికి అందిస్తారు. ప్రేమతో చేసే ఆ పనే ఒక్కోసారి మనిషిని మళ్లీ ఆసుపత్రి పాలు చేస్తుంది.

పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో అటూ ఇటుగా సగం మందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి, గొంతు కేన్సర్‌కో నాలుక కేన్సర్‌కో రేడియేషన్ తీసుకున్నవాళ్లకి, చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డవాళ్లకి, వయసు మీదపడి కండ తగ్గిన పెద్దవాళ్లకి కూడా ఇదే కష్టం. కాలు కుంటితే లోకానికి కనిపిస్తుంది. గొంతులోని కష్టం కనిపించదు. అందుకే చాలామంది చెప్పుకోరు. ‘ఆకలిగా లేదమ్మా’ అని సగంలో కంచం ముందు నుంచి లేచిపోతారు. దగ్గు వస్తుందేమోనని నలుగురిలో తినడం మానేస్తారు. నెలకో రెండు కిలోలు తగ్గిపోతుంటే ఇంట్లోవాళ్లు ‘బెంగ పెట్టుకున్నారు’ అనుకుంటారు.

ఈ నాలుగు మాటలూ వాళ్ల కోసం, వాళ్లకి అన్నం పెట్టే చేతుల కోసం. చాలామంది విషయంలో మింగడం మళ్లీ నేర్చుకోగలిగిన పనే. నేర్చుకోవాలంటే రెండు వదలాలి. ఒకటి సిగ్గు, రెండోది తొందర.

గొంతులో జరిగేది ఇదీ

నోట్లో నలిగిన ముద్దను నాలుక వెనక్కి నెడుతుంది. కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారి మూస్తుంది. స్వరపేటిక పైకీ ముందుకీ జరుగుతుంది. మెడ మీద వేలు పెట్టి ఒక గుటక వేసి చూడండి, ఆ కదలిక తెలుస్తుంది. స్వరపేటిక మీది మూత వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరకొస్తాయి, ఊపిరి క్షణం ఆగుతుంది, అన్నవాహిక మొదలు తెరుచుకుంటుంది. సుమారు 30 జతల కండరాలు, మెదడు నుంచి నేరుగా వచ్చే అయిదారు జతల నరాలు కలిసి చేసే పని ఇది. గొంతులో జరిగే భాగమంతా దాదాపు ఒక్క సెకనులో అయిపోతుంది. రోజుకి కొన్ని వందల సార్లు ఇలా మింగుతాం, నిద్రలో కూడా. ఒక్కసారైనా దాని గురించి ఆలోచించం.

రైలు వచ్చే ముందు గేటు పడాలి కదా, అలాగే ముద్ద వచ్చే ముందు ఊపిరి దారి మూసుకోవాలి. గేటు ఆలస్యమైతే తిన్నది ఊపిరితిత్తుల వైపు పోతుంది. నీళ్లు ముద్ద కన్నా వేగంగా జారతాయి కాబట్టి వాటితోనే ఎక్కువ ఇబ్బంది. ‘అన్నం తింటున్నారు, నీళ్లు తాగలేకపోవడమేంటి’ అని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యం అక్కర్లేదు. చాలామందికి మంచినీళ్లే అన్నిటికన్నా కష్టం.

దారి తప్పినప్పుడు దగ్గు వస్తే అది శరీరం మనకి చేస్తున్న మేలు. అసలు భయపడాల్సింది దగ్గు రాకపోవడానికి. గొంతులో స్పర్శ తగ్గినవాళ్లకి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా చడీచప్పుడూ ఉండదు. అందుకని దగ్గు లేదు కాబట్టి బాగానే మింగుతున్నారని తీర్మానించకండి. తిన్నాక గొంతు గరగరలాడటం, నోట్లో నీళ్లు పెట్టుకుని మాట్లాడుతున్నట్టు తడిగా వినిపించడం, ముక్కులోంచి నీళ్లు రావడం, ఒక పూట భోజనానికి అరగంట దాటి పట్టడం, కారణం తెలియని జ్వరం మళ్లీ మళ్లీ రావడం, బుగ్గలో అన్నం మిగిలిపోవడం, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరుకి చెప్పండి.

ఇక్కడే ఇంకొక హెచ్చరిక. పక్షవాతం ఏమీ లేని మనిషికి మొదట రొట్టె, మాంసం లాంటి గట్టివి అడ్డుపడి, కొన్నాళ్లకి మెత్తటివి, ఆ తర్వాత నీళ్లు కూడా అడ్డుపడుతుంటే అది అన్నవాహిక ఇరుకవుతోందన్న సూచన. కేన్సర్ కావచ్చు, కాకపోవచ్చు. ఎండోస్కోపీ చేయించుకునేదాకా తెలియదు. గొంతు వ్యాయామాలతో కాలయాపన చేయకండి.

పడిపోయిన మనిషి నోట్లో ఏమీ పోయకండి

మనిషి కళ్లు తిరిగి పడిపోగానే ఎవరో చెంబుతో నీళ్లు తెస్తారు. ఇంకెవరో సోడా అంటారు. ఒకరు బీపీ మాత్ర నాలుక కింద పెట్టమంటారు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగేది సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే. ఆ సమయంలో చేయాల్సింది 108కి ఫోన్ చేయడం, తక్షణం స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లడం. గొంతు పరీక్ష చేసేదాకా నీళ్లు, కాఫీ, మాత్ర, తీర్థం ఏదీ నోట్లో పోయకూడదు. నీళ్లు పోసి ప్రాణం నిలబెట్టామని అనుకుంటాం గానీ, ఆ నీళ్లే న్యుమోనియాకి దారి తీయవచ్చు.

మెదడు నేర్చుకుంటుంది

ఇప్పుడు ధైర్యం ఇచ్చే మాట. పక్షవాతంతో మింగడం పోయినవాళ్లలో చాలామందికి కొద్ది వారాల్లోనే అది తిరిగి వస్తుంది. ఎలా వస్తుందో మాంచెస్టర్ పరిశోధకుడు షాహీన్ హమ్దీ బృందం 1990ల్లో గమనించింది. మింగడాన్ని మెదడులోని రెండు అర్ధభాగాలూ నడుపుతాయి, కాకపోతే ఒక్కో మనిషిలో ఒక వైపుది పైచేయి. ఆ వైపు దెబ్బతింటే గుటక పోతుంది. తిరిగి కోలుకున్నవాళ్లను పరీక్షిస్తే, దెబ్బ తగలని రెండో వైపు గొంతు పనికి కేటాయించిన జాగా పెరిగినట్టు 1998లో వాళ్లు ప్రచురించారు. అంటే పాడైన చోటు బాగుపడిందని కాదు, పక్కవాడు ఆ పని నేర్చుకున్నాడని.

అందుకే దీన్ని వ్యక్తిత్వానికి సంబంధించిన సంగతిగా కూడా చూడమంటున్నాను. అరవై ఏళ్లుగా ఆలోచించకుండా చేసిన పనిని ఇప్పుడు ఆలోచించి చేయాలి. ఉద్యోగంలో పదిమందికి పని చెప్పిన మనిషి, ఇంట్లో తన మాటే చెల్లిన మనిషి, టీస్పూన్‌తో ఎలా తినాలో ఒక పాతికేళ్ల స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. అహం అడ్డొస్తుంది. కోపం వస్తుంది. ఆ కోపం సహజమే, దాచుకోనక్కర్లేదు. కోపం తగ్గాక కూర్చుని పాఠం వినగలిగితే చాలు. ‘నాకు రాదు’ అనేవాళ్లకన్నా ‘ఇంకా రాలేదు’ అనుకునేవాళ్లు సాధన నిలబెట్టుకోగలరు. థెరపీలో సాధన నిలబడటమే ముఖ్యం.

స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పేవాళ్లేనని మనలో ఎక్కువమంది అభిప్రాయం. నోరు, నాలుక, గొంతు పని అంతా వాళ్ల చదువులో భాగమే. ఈ విద్యకి ఒక రూపం ఇచ్చినవాళ్లలో షికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జెరీ లోగెమన్ ముఖ్యురాలు. బేరియం కలిపిన చిన్న చిన్న ముద్దలు ఇచ్చి, కదిలే ఎక్స్‌రేలో అవి ఎటు పోతున్నాయో చూసే పరీక్షను ఆవిడ క్రమబద్ధం చేశారు. 1983లో ఆవిడ రాసిన పుస్తకంతో ఎందరో థెరపిస్టులు తయారయ్యారు. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి గొంతును నేరుగా చూసే పద్ధతిని 1988లో సూసన్ లాంగ్‌మోర్ బృందం వివరించింది. మన దేశంలో ఈ చదువుకి పెద్ద కేంద్రం మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, 1965లో పుట్టింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడు డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగండి: ‘మింగడం పరీక్ష చేశారా? ఏవి ఇవ్వొచ్చు, ఏవి ఇవ్వకూడదు?’ జవాబు కాగితం మీద రాయించుకోండి. మాటగా చెప్పింది మర్నాటికి ఇంట్లో మూడు రకాలుగా మారిపోతుంది.

ముద్ద పెట్టే ముందు, పెట్టాక

మంచం మీద సగం వాలి తినడం మానాలి. కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకి ఆని, వెనక దిండు పెట్టుకుని కూర్చోవాలి. కళ్లజోడు, కట్టుడు పళ్లు పెట్టుకోవాలి. టీవీ కట్టేయాలి. నిద్రమత్తులో ఉంటే ఆ పూట ఆగాలి. మనిషి పూర్తిగా మెలకువగా ఉన్నప్పుడే తిండి.

టీస్పూన్‌కి సగం చాలు. నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టేయండి. చేతిలో చెంచా ఉంటే మనసు తర్వాతి ముద్ద మీదికి పోతుంది. నమలండి. ఇప్పుడు మింగుతున్నాను అని మనసులో అనుకుని గట్టిగా ఒక గుటక. ఏమీ పెట్టుకోకుండా మళ్లీ ఒక ఖాళీ గుటక. ‘ఆ’ అని ఒకసారి అనండి. గొంతు తడిగా వినిపిస్తే దగ్గి, మళ్లీ మింగండి. అప్పుడు రెండో ముద్ద. మొదట్లో ఇది విసుగు పుట్టిస్తుంది. పది పన్నెండు రోజులకి చేతికి అలవాటవుతుంది.

తినేటప్పుడు మాట్లాడించకండి. ఇది మన ఇళ్లలో చాలా కష్టం, ఎందుకంటే మనకి ముచ్చట్లన్నీ భోజనం దగ్గరే. ముచ్చట్లు మీరు చెప్పండి, వాళ్లని వినమనండి. జవాబు కావాల్సిన ప్రశ్నలు కంచం తీశాక అడగండి. గడ్డం కిందికి దించి మింగమనడం, బలహీనంగా ఉన్న వైపుకి తల తిప్పి మింగమనడం థెరపిస్టులు చెప్పే చిట్కాలే. అయితే ఒకరికి మేలు చేసింది ఇంకొకరికి కీడు చేయవచ్చు. పక్కింటాయనకి చెప్పింది మీరు పాటించకండి.

తిన్నాక చెయ్యి పడిపోయిన వైపు బుగ్గలో వేలుతోనో, గుడ్డతోనో చూడండి. అన్నం అక్కడ దాగుంటుంది, వాళ్లకి తెలియదు. ఆ తర్వాత అరగంట నిటారుగానే కూర్చోవాలి. ఎంత నిద్రొచ్చినా సరే.

అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసే విషయం నోటి శుభ్రత. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లకన్నా ఆ నీళ్లతో పోయే క్రిములు ఎక్కువ హాని చేస్తాయి. పుచ్చిపోయిన పళ్లున్నవాళ్లకి, తమ పళ్లు తాము తోముకోలేక ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లకి, ఇంకొకరు తినిపిస్తే తప్ప తినలేనివాళ్లకి న్యుమోనియా ఎక్కువ వస్తుందని లాంగ్‌మోర్ బృందమే 1998లో చూపించింది. నోటితో ఏమీ తినని మనిషికి కూడా రోజుకి రెండు మూడుసార్లు పళ్లు, చిగుళ్లు తుడవాలి. మన ఇళ్లలో నాలుకబద్ద ఎప్పుడూ ఉండేదే, దాన్ని వాడండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడిగి పెట్టండి. ఖరీదు లేని మందు ఇది.

నీళ్ల గురించి. చిక్కబరిచే పొడులు మందుల షాపుల్లో దొరుకుతాయి. చిక్కగా ఉన్నది నెమ్మదిగా జారుతుంది కాబట్టి గొంతుకి సమయం దొరుకుతుంది. కానీ చిక్కటి నీళ్లు ఎవరికీ రుచించవు, దాంతో తాగడమే తగ్గించేస్తారు, ఒళ్లు ఎండిపోతుంది. రోజుకి ఎంత తాగారో రాసి పెట్టుకోవాలి. మూత్రం ముదురు పసుపులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. అమెరికాలో లూయివిల్ నగరంలోని ఒక పునరావాస కేంద్రం 1984లో ఇంకో దారి మొదలుపెట్టింది. నోరు బాగా శుభ్రం చేసి, భోజనాల మధ్య వేళల్లో, ఎంపిక చేసిన రోగులకి మామూలు మంచినీళ్లు ఇవ్వడం. మీవాళ్లకి అది తగునా అన్నది థెరపిస్టు తేల్చాలి. అడగడంలో తప్పు లేదు. నెలల తరబడి మామూలు మంచినీళ్లకి మొహం వాచినవాళ్లకి రెండు చెంచాల చల్లటి నీళ్లు ఎంత ఊరటో!

మన వంటింట్లో

ఆసుపత్రి వాళ్లు ‘మెత్తటి ఆహారం’ అని రాసి పంపుతారు. మెత్తనంటే ఏమిటో మన వంటిల్లు తేల్చుకోవాలి. మజ్జిగ అన్నం మెత్తగానే ఉంటుంది. కానీ అందులో నీళ్లు, మెతుకులు వేరువేరు. నోట్లో మెతుకులు నలుగుతుండగానే మజ్జిగ గొంతులోకి జారిపోతుంది. చారన్నం, సాంబారులో తేలే ఇడ్లీ, పలచటి సేమ్యా పాయసం అన్నీ ఇదే కోవ. కందిపొడి అన్నం పొడిపొడిగా గొంతులో చెదిరిపోతుంది. అటుకులు, మరమరాలు, జంతికలు, వేరుశెనగపప్పులు వద్దు. పోపులో కరివేపాకు, ఆవాలు, ఎండుమిరప తొక్క తీసేయాలి. కొత్త బియ్యం అన్నం జిగటగా అంగిటికి అంటుకుంటుంది, పాత బియ్యాన్ని నీళ్లెక్కువ పోసి వండుకోవడం మేలు.

మరి ఏం పెట్టాలి? చేత్తో బాగా మెదిపిన ముద్దపప్పు అన్నం, నెయ్యి. గడ్డపెరుగుతో మెదిపిన అన్నం. గింజ లేకుండా మెదిపిన సపోటా, బాగా పండిన అరటిపండు. గుమ్మడికాయ, సొరకాయ లాంటివి ఉడికించి నలిపిన కూర. మెత్తగా గిలకొట్టి వండిన గుడ్డు. ముల్లు పూర్తిగా తీసిన చేప, పులుసు చిక్కగా పట్టించి. చిక్కటి రాగి జావ. జావతో ఒక చిక్కు ఉంది. వేడిగా ఉన్నప్పుడు పలచన, చల్లారేకొద్దీ గట్టి. తాగించే వేడికి వచ్చాకే చిక్కదనం చూసుకోండి.

చిక్కదనాన్ని కళ్లతో అంచనా వేస్తే రోజుకో రకంగా ఉంటుంది. ఒకే కొలత కోసం అంతర్జాతీయంగా 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయులు పెట్టారు. పానీయాలకి ఇంట్లోనే చేసే పరీక్ష ఉంది. సూది లేని 10 మి.లీ. సిరంజి తీసుకోండి. 0 నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మి.మీ. ఉండాలి, ఎందుకంటే అన్ని సిరంజీలూ ఒకే పొడవు ఉండవు. వెనక కడ్డీ తీసేసి, కింది రంధ్రం వేలితో మూసి, 10 గీత దాకా పోసి, వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకి మళ్లీ మూయండి. 1 మి.లీ. కన్నా తక్కువ మిగిలితే అది మామూలు నీళ్లంత పలచన. 1 నుంచి 4 మిగిలితే స్థాయి 1, 4 నుంచి 8 మిగిలితే 2, 8 దాటి 10 లోపు మిగిలితే 3. మీకు ఏ స్థాయి చెప్పారో తెలుసుకుని రోజూ ఇలా సరిచూసుకోవచ్చు. ముక్కలకైతే ఫోర్కుతో నొక్కడమే పరీక్ష. బొటనవేలి గోరు తెల్లబడేంత నొక్కుకే ముక్క నలిగిపోయి, నొక్కు తీశాక మళ్లీ పూర్వపు ఆకారానికి రాకపోతే అది మెత్తటి ముక్క.

మెత్తన అంటే చప్పిడి అని ఎవరు చెప్పారో గానీ, చాలా ఇళ్లలో రోగి కంచం రుచీపచీ లేకుండా ఉంటుంది. పులుపు తగిలితే గొంతు త్వరగా మేలుకుంటుందని లోగెమన్ బృందం 1995లో నిమ్మరసం కలిపిన ముద్దలతో గమనించింది. నోట్లో పుండ్లు లేనివాళ్లకి, డాక్టరు కారం వద్దననివాళ్లకి ముద్దపప్పులో ఆవకాయ ఊట, ముక్క లేకుండా, ఒక చుక్క కలిపి పెట్టండి. రేడియేషన్ తీసుకుని నోరు పుండయినవాళ్లకి మాత్రం ఇది వద్దు. వాళ్లకి చల్లటి పెరుగే హాయి.

మాత్రలు నూరి ఇచ్చే ముందు డాక్టర్నో ఫార్మసిస్టునో అడగండి. నెమ్మదిగా పనిచేసేలా చేసిన మాత్రల్ని, పైపూత ఉన్నవాటిని నూరకూడదు. చాలా మందులకి సిరప్ రూపం దొరుకుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని భోజనం పెట్టుకుంటే గుటక తేలికవుతుంది.

ఎవరికైనా ముద్ద అడ్డుపడి మాట రాక, దగ్గలేక, ఊపిరాడకపోతే నీళ్లు తాగించకండి. ముందుకి వంచి భుజాల మధ్య వీపు మీద అరచేతితో గట్టిగా 5 దెబ్బలు కొట్టండి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకి కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. ముద్ద బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండాలి, పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో అందరూ ముందే నేర్చుకోవాల్సిన విద్య ఇది.

సాధన

నాలుక కొసను ముందు పళ్ల మధ్య సున్నితంగా పట్టుకుని ఉమ్మి మింగడం ఒక వ్యాయామం. ఇది ఉత్త ఉమ్మితోనే చేయాలి, నోట్లో తిండి ఉండగా ఎప్పుడూ చేయకూడదు. గొంతు పైకి లేచినప్పుడు రెండు క్షణాలు అక్కడే నిలిపి ఉంచడం ఇంకొకటి. వెల్లకిలా పడుకుని, భుజాలు ఎత్తకుండా తల మాత్రం లేపి కాలివేళ్లు చూడటం మూడోది. డాక్టర్ రెజా షేకర్ పేరు మీద అది ప్రసిద్ధం. 1 నిమిషం లేపి ఉంచడం, 1 నిమిషం విశ్రాంతి, ఇలా మూడుసార్లు. తర్వాత 30 సార్లు లేపి దించడం. రోజుకి మూడు విడతలు, ఆరు వారాలు. మెడ ఎముకల సమస్య, గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు దీన్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. పడుకుని చేయలేనివాళ్లకి గడ్డం కింద రబ్బరు బంతి పెట్టుకుని కూర్చుని నొక్కే పద్ధతి ఉంది. ఏది ఎవరికో పరీక్ష చూశాకే థెరపిస్టు చెబుతారు.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ పూట ఏం తిన్నారు, ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు దగ్గొచ్చింది, వారానికోసారి బరువెంత. ఎదుగుదల రోజువారీగా కనిపించదు. మూడు వారాల వెనకటి పేజీ తిప్పితే కనిపిస్తుంది. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ‘బాగానే ఉంది’ అనే మాటకన్నా ఆ పేజీ పదిరెట్లు ఉపయోగం.

తల, మెడ కేన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. నొప్పికి భయపడి పూర్తిగా మింగడం మానేస్తే కండరాలు బిగుసుకుపోతాయి, తర్వాత తెరుచుకోవడం కష్టం. డాక్టరు అనుమతించినంతకాలం రోజుకి కొన్ని గుటకలైనా ఆపకండి. నొప్పి మందు భోజనానికి ముందే వేసుకోండి. ఈ కేన్సర్లలో ఎక్కువ భాగం వెనక పొగాకు ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అలవాటు ఎన్ని అంగిళ్లను పాడుచేసిందో అక్కడి డాక్టర్లకి తెలుసు. మీ ఇంట్లో చుట్ట, గుట్కా, ఖైనీ ఏది ఉన్నా ఈ రోజే మాట్లాడండి.

గొట్టం వేయాల్సి వస్తే

ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్ అంటే ఇళ్లలో పెద్ద దుఃఖం. ‘ఇక అయిపోయింది’ అంటారు. అయిపోలేదు. గొంతు కోలుకునేదాకా ఒంట్లో బలం నిలిపే తాత్కాలిక దారి అది. కొన్ని వారాలు దాటి అవసరమైతే పొట్టకి నేరుగా అమర్చే గొట్టం ఉంది. ఎండోస్కోపీతో దాన్ని పెట్టే పద్ధతిని అమెరికాలోని క్లీవ్‌లాండ్ డాక్టర్లు 1980లో ప్రకటించారు. ముక్కు గొట్టం కన్నా హాయి, కనిపించదు కూడా. గొట్టం ఉన్నా థెరపిస్టు ఒప్పుకుంటే రోజుకి కొన్ని చెంచాలు నోటితో సాధన చేయొచ్చు. గొట్టం ద్వారా తిండి ఇచ్చేటప్పుడూ తల ఎత్తుగానే ఉండాలి.

కొందరికి మింగడం పూర్తిగా తిరిగి రాదు. ఆ నిజాన్ని దాచి ఈ వ్యాసం రాయలేను. షికాగో సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కేన్సర్ శస్త్రచికిత్సల తర్వాత 2006 నుంచి తినలేదు, తాగలేదు, మాట్లాడలేదు. పొట్టలోని గొట్టమే ఆధారం. అయినా సినిమా సమీక్షలు ఆపలేదు. 2010లో ఆయన ఈ విషయం మీద ఒక వ్యాసం రాశారు. తనకి బెంగ తిండి మీద కన్నా పదిమందితో కూర్చుని భోంచేస్తూ నవ్వుకునే సాయంత్రాల మీద అని చెప్పుకున్నారు. అదే ఏడాది ఆయన రైస్ కుక్కర్‌లో వంటల గురించి ఒక పుస్తకం కూడా వేశారు. ఒక్క మెతుకు తినలేని మనిషి ఇంకొకరికి వండుకోవడం నేర్పారు! 2013లో పోయేదాకా రాస్తూనే ఉన్నారు.

ఆ వ్యాసం మనకి చెప్పే పని ఒకటుంది. మింగలేని మనిషికి గదిలో విడిగా పెట్టి, మిగతావాళ్లు హాల్లో తినడం మానుకోవాలి. వాళ్ల ముందు తినడం పాపమనిపించి దూరంగా తింటాం, వాళ్లకేమో వెలివేసినట్టుంటుంది. ఏది ఇష్టమో వాళ్లనే అడగండి. ‘నాన్నగారూ, మేం తినేటప్పుడు మీరు మాతో కూర్చుంటారా, లేక వాసనకి కష్టంగా ఉంటుందా?’ వాళ్లు వద్దంటే వద్దు. వస్తామంటే కుర్చీ వేయండి.

ఇంకొకటి, కొసరడం మానండి. ‘నా మీద ఒట్టు, ఇంకొక్క ముద్ద’ అనే ప్రేమ మనకి పుట్టుకతో వచ్చింది. అలిసిపోయిన గొంతుకి ఆ ఒక్క ముద్దే ప్రమాదం. పెద్దవాళ్లని పసిపిల్లల్లా ‘ఆ… అనండి’ అంటూ బుజ్జగించకండి. వాళ్ల చెయ్యి పట్టుకుని చెంచా వాళ్లతోనే పట్టించండి. చెయ్యి నోటి దగ్గరికి వస్తుంటే గొంతు ముందే సిద్ధమవుతుంది. రోజంతా తినిపించే భార్యకో కోడలికో కూడా వారానికి కొన్ని పూటలు సెలవు కావాలి. కొడుకులు ఆ పూటలు తీసుకోండి, థెరపిస్టు దగ్గర మీరూ నేర్చుకోండి.

శుభలేఖ వస్తే మానేయకండి. వెళ్లే ముందు ఇంట్లో నిదానంగా తినేయండి. అక్కడ నిలబడి తినే బఫేలో పళ్లెం పట్టుకోకండి, కుర్చీ అడగండి. పిలిచినవాళ్లకి ముందే ఫోన్ చేసి, ‘నాకు మింగడం కొంచెం ఇబ్బంది, వడ్డించవద్దు, బలవంతం చేయొద్దు, కూర్చుని మీతో మాట్లాడతాను’ అని చెప్పేయండి. మొదటిసారి చెప్పడమే కష్టం. మీ డబ్బా మీరు తీసుకెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే వాళ్లకి కారణం చెప్పండి, వాళ్లింట్లోనూ రేపు ఇది పనికొస్తుంది. ఇంటికొచ్చాక నోరు కడుక్కుని, ఆ పూట ఏం తిన్నారో పుస్తకంలో రాసుకుని పడుకోండి.